తొమ్మిదికీ పదకొండుకీ మధ్య

ఆ ఆదివారం పొద్దున మా బడి టీచర్ల గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ఏదో వార్షికోత్సవం నాడు అందరూ కలిసి దిగిన ఫోటోలోంచి ఒక్క ముఖాన్ని కత్తిరించి పెద్దది చేశారు. అలా చేయడంతో ముఖం మసకబారింది. పక్కన ఎవరిదో పట్టుచీర భుజం సగం పడింది. కింద 'మన పాత ఆయమ్మ నిన్న చనిపోయారు' అని ఒక్క వాక్యం. మధ్యాహ్నానికి దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు ఇరవై దాకా చేరాయి. ఆమె పేరు ఎవరూ రాయలేదు. తెలిస్తే కదా రాయడానికి. హాజరు పట్టీలో ఉండే ఉంటుంది కానీ, మా అందరికీ ఆమె ఆయమ్మే. నేను 'ఓం శాంతి' అని టైపు చేసి, చెరిపేసి, ఫోను బోర్లా పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆమె పేరు నాకిప్పుడు తెలుసు. ఇక్కడ రాయను. నా వల్ల ఆ పేరుకు జరిగింది చాలు.

సికింద్రాబాద్‌లోని ఒక పాత ప్రైవేటు బడిలో నేను లెక్కల టీచరుని. చేరేనాటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. పెళ్లయి తెనాలి నుంచి మారేడ్‌పల్లిలో ఉన్న అత్తగారింటికి వచ్చి రెండేళ్లు అయింది. ఆయమ్మకు అప్పటికే యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. చీర కుచ్చిళ్లు పైకెత్తి నడుం దగ్గర దోపుకుని, బడి తాళాల గుత్తి ఆ దోపులోనే పెట్టుకునేది. వరండాలో ఆమె వస్తుంటే ముందు తాళాల చప్పుడు వినబడేది. తరగతి గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని అడగకుండా చిన్నగా దగ్గేది. జలుబు లేకపోయినా అదే దగ్గు. ఆ దగ్గు వినగానే పిల్లలు, సర్క్యులర్ వచ్చిందని సంబరపడేవాళ్లు. ఎంత చిన్న సర్క్యులరైనా పాఠం ఐదు నిమిషాలు ఆగుతుంది మరి.

సర్క్యులర్ పుస్తకం తిప్పడం ఆమె పనుల్లో ఒకటి. గదులు ఊడవడం, గంట కొట్టడం, ఫిల్టర్లలో నీళ్లు నింపడం కూడా ఉన్నా, ఆమె తన ఉద్యోగం అనుకున్నది మాత్రం ఇదే. ఆఫీసులో నోటీసు రాసిన పొడుగాటి అట్ట పుస్తకాన్ని ప్రసాదం పళ్లెం పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని వచ్చేది. మేము చదివి వినిపించి సంతకం చేసేదాకా నిలబడేది. అప్పటికే పన్నెండు గదుల్లో విన్న నోటీసే అయినా మళ్లీ మొదటిసారి వింటున్నట్టు తల ఊపేది. అలా విని విని ఆమెకు కొన్ని ఇంగ్లీషు ముక్కలు పట్టుబడ్డాయి. అన్నింట్లోకీ 'కైండ్లీ' అంటే ఇష్టం. స్టాఫ్‌రూమ్‌లోకి టీ ట్రే తెచ్చి, కైండ్లీ ఛాయ్ తాగుండ్రి మేడం అనేది. పిల్లలు వరండాలో తోసుకుంటుంటే కైండ్లీ లైన్ల పోండ్రి అనేది. నవ్వించడానికి కాదు. మర్యాద మాట అని తెలిసింది కాబట్టి వాడుకునేది.

మా బడిలో ప్రతి గది గుమ్మం పైనా చిన్న నీలం పలక ఉండేది. తరగతి నంబరు దాని మీద రోమన్ అంకెల్లో రాసి ఉండేది. ఆయమ్మకు మామూలు అంకెలు వచ్చు. బస్సు నంబర్లు చదివేది, ఫోను నంబర్లు నొక్కేది. అక్షరాలు రావు. ఆ పలకల మీదివి ఆమె దృష్టిలో అంకెలూ కావు, అక్షరాలూ కావు. 'ఇంగ్లీషు కట్టెలు' అనేది వాటిని. అయినా ఏళ్ల తరబడి ఒక్క పొరపాటూ రాకుండా పుస్తకం తిప్పింది. ఆమె గుర్తులు ఆమెకున్నాయి. ఆరో తరగతంటే కిటికీ అద్దం పగిలిన గది. ఎనిమిదంటే గుమ్మంలో తులసి కుండీ ఉన్నది. తొమ్మిది మెట్ల పక్కది, పదకొండు ల్యాబు వాసన వచ్చేది.

ఒక వేసవి సెలవుల్లో గదులన్నీ మార్చేశారు. బడి తెరిచిన వారంలోనే ఆమె తొమ్మిదో తరగతి విహారయాత్ర నోటీసును పదకొండులోకి తీసుకెళ్లింది. చదివిన టీచరు కూడా చూసుకోలేదు. పదకొండో తరగతి పిల్లలు బల్లలు చరిచి గోల చేశారు. అందులో ఆమె తప్పు సగమే. అయినా వారం రోజులపాటు స్టాఫ్‌రూమ్‌లో అదే వేళాకోళం. ఆయమ్మకు తొమ్మిదీ పదకొండూ ఒకటే అని ఎవరో అంటే అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆమె కప్పులు తీస్తూ అక్కడే ఉంది.

మర్నాడు భోజనాల వేళ ఆమె చేతులు కడిగే పంపుల దగ్గర నా కోసం కాచుక్కూర్చుంది. లెక్కల మేడంని కాబట్టి నన్నే అడగాలనుకుందట. ఆ కట్టెలు జెర నేర్పియ్యమంది. ఎవరికీ చెప్పవద్దంది.

నేర్పాను. మూడు వారాలు, రోజూ పావుగంట. ఈ మాట రాస్తుంటే నన్ను నేను పొగుడుకుంటున్నట్టు ఉంది గానీ, ఆ మూడు వారాల్లో నేను మంచి టీచరునే. ఆమె కుర్చీ వేసుకునేది కాదు. మెట్టు మీద కూర్చుని, చీపురు పుల్లల్ని వేలెడంత ముక్కలుగా విరిచి ఒళ్లో పోసుకునేది. నేను పై మెట్టు మీద కూర్చునేదాన్ని. ఆమె నన్ను మీరు అనేది, నేను ఆమెను నువ్వు అనేదాన్ని. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దదన్న ఆలోచన అప్పుడు రాలేదు.

మొదటి రోజే ఒక ప్రశ్న వేసింది.

"మంచిగ ఒకటి, రెండు, మూడు ఉండంగ గీ కట్టెలెందుకు మేడం?"

పాత పద్ధతి అన్నాను. అంతకంటే మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. పాతదైతే ఇడిచిపెట్టరాదా అని ఆమె పుల్లలు సర్దుకుంది.

ఒకటి, రెండు, మూడు క్షణంలో వచ్చేశాయి. నాలుగు దగ్గర మొరాయించింది. నాలుగు పుల్లలు పక్కపక్కన పేర్చి, ఇది నాలుగు కాదని ఎట్లంటరు అని అడిగింది. కాదనడానికి నాకు నోరు రాలేదు. ఐదుకి అరచెయ్యి చూపించాను, బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్లు ఒక పక్క. పదికి రెండు ముంజేతులు అడ్డంగా పెట్టాను. అది నచ్చింది. కానీ పెద్ద గుర్తుకు ఎడమ వైపు ఉన్న చిన్నది తీసెయ్యాలి, కుడి వైపు ఉన్నది కలపాలి అంటే తికమక పడింది. కుడి ఎడమలు ఎవరి వైపు నుంచి అని అడిగింది. నాలుగు రోజులు అక్కడే నిలిచిపోయాం. ఐదో రోజు తనే పరిగెత్తుకొచ్చినంత పని చేసింది.

"సమజైంది మేడం. చిన్నోడు పెద్దోని ముంగట నిలబడితే అడ్డం. ఎన్క నిలబడితే తోడు. అడ్డం ఉంటే ఒకటి తగ్గుతది, తోడుంటే ఒకటి పెరుగుతది."

పన్నెండేళ్లుగా ఆరో తరగతికి నేను ఆ పాఠాన్ని ఆమె మాటల్లోనే చెబుతున్నాను. ఎవరు చెప్పారో ఎప్పుడూ చెప్పలేదు.

ఆ తర్వాత ఆమెను పట్టుకోవడం కష్టమైంది. నీళ్ల ఫిల్టర్ల మీద సుద్దతో ఒకటి నుంచి ఆరు దాకా రోమన్‌లో రాసింది. తుడుపు గుడ్డల కర్రలకు మేకుతో గీసింది, ఏ అంతస్తుది ఆ అంతస్తుకే వాడాలని. రెజిమెంటల్ బజార్ వెనక సందులో వాళ్ల ఇంట్లో నీళ్ల డ్రమ్ములకు కూడా రాశానని, మనవరాలికి నేర్పుతున్నానని చెప్పింది. గుమ్మం దగ్గర దగ్గడానికి ముందు ఇప్పుడు ఒక క్షణం తలెత్తి పలక చూసేది. పెదాలు కదిలేవి. చూసి, సరే అనుకుని, అప్పుడు దగ్గేది.

ఒకరోజు బస్సు టికెట్ వెనక ఏవో అక్షరాలు బొమ్మలాగా గీసుకొచ్చింది. రోజూ ఆమె వచ్చే దారిలో ఒక పాత కట్టడం ఉంది. దాని గుమ్మం మీది రాతిలో చెక్కినవట. ఎమ్, డి, సి లాంటి పెద్ద గుర్తులు నేను అప్పటిదాకా ఆమెకు చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. ఇద్దరం కూడుకుంటూ పోతే అది ఆ కట్టడం కట్టిన సంవత్సరం. మా ఇద్దరి నాయనమ్మలకంటే పాతది. ఆమె చాలాసేపు ఆ టికెట్ చూసింది. పెండ్లయి వచ్చిన కాడికెళ్లి ఆ రాయి కిందికెళ్లే నడుస్తున్న, అది ఏడాది అని ఎవ్వరూ చెప్పలే అంది. టికెట్‌ను మడిచి తాళాల గుత్తితో పాటు నడుం దగ్గర దోపుకుంది.

ఇక జరిగింది చెప్పాలి.

నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ సంవత్సరం అర్ధసంవత్సర పరీక్షల పని నాకు అప్పగించారు. బాగా చేస్తే ఉత్తర్వు ఇస్తామని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. బుధవారం తొమ్మిదో తరగతి లెక్కల పరీక్ష, గురువారం పదకొండో తరగతిది. మంగళవారం సాయంత్రం నేను ఒక్కదాన్నే కూర్చుని ప్రశ్నపత్రాలు లెక్కపెట్టి, గోధుమరంగు కవర్లలో పెట్టి, అంటించి, పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో తరగతి నంబరు రాశాను. మా అత్తగారికి జ్వరం, ఇంటి నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. త్వరగా ముగించి బీరువాలో పెట్టి తాళం వేశాను. కవర్ల మీద ముందే నంబర్లు రాసుకుని, తర్వాత కాగితాలు నింపాను. అక్కడే మారిపోయాయి. IX అని రాసిన కవరులో పదకొండో తరగతి కాగితాలు పెట్టాను. XI అని రాసిన దాంట్లో తొమ్మిదో తరగతివి.

బుధవారం పొద్దున ఆయమ్మ బీరువాలోంచి IX కవరు తీసి తొమ్మిదో తరగతికి ఇచ్చింది. అక్కడున్న టీచరు పైన ఏముందో చూడకుండా అంచు చించి కాగితాలు పంచేసింది. పిల్లలు కాసేపు గుసగుసలాడి, చివరికి ఒక అమ్మాయి లేచి ఇది మా పరీక్ష కాదంది. అప్పటికి పావుగంట అయింది. మర్నాటి పదకొండో తరగతి ప్రశ్నపత్రం అందరూ చూసేశారు. వాళ్లలో ఐదారుగురికి అక్కలో అన్నలో పదకొండులోనే ఉన్నారు.

కబురు అందగానే నేను పరిగెత్తాను. బల్ల మీద చిరిగిన కవరు ఉంది. IX అని నా రాత, నా ఎర్ర పెన్ను. ఒక్క చూపులో మొత్తం అర్థమైంది. ఆ కవరును నాలుగు మడతలు పెట్టి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఆలోచించి చేశానని అనను. ఆలోచించకుండా చేశానని కూడా అనలేను, ఎందుకంటే ఆ తర్వాత ఆఫీసుకు వెళ్లి, XI అని రాసిన రెండో కవరు తీసి, వరండాలో ఎవరూ లేని చోట నిలబడి చించి, లోపలి కాగితాలు మాత్రమే తీసుకెళ్లి తొమ్మిదో తరగతికి ఇచ్చాను. ఆ కవరు కూడా బ్యాగులోకే పోయింది.

పదకొండు గంటలకు ప్రిన్సిపాల్ గారి గదిలో నేనూ, ఆ టీచరూ, ఆయమ్మా నిలబడి ఉన్నాం. ఆయమ్మ ఇచ్చింది, నేను చించాను అని ఆ టీచరు చెప్పింది. కవర్లేవి అని ఆయన నన్నడిగారు. చిరిగిపోయాయి సార్, చెత్తలో పడేసి ఉంటారు అన్నాను. సరిగ్గా రాశారా అన్నారు. రాశాను అన్నాను. అప్పుడు ఆయన ఆయమ్మ వైపు తిరిగారు.

"ఏ కవరు తీశావు నువ్వు?"

"తొమ్మిదోదే తీసిన సార్. నాకైతే తొమ్మిదే కనబడ్డది."

"కనబడటమేంటి? నీకది చదవడం వచ్చా, రాదా?"

ఆయమ్మ నా వైపు చూసింది. ఆయన వైపు తిరిగి జవాబు చెప్పే ముందు పూర్తిగా నా వైపే చూసింది. వచ్చు సార్, నేనే నేర్పాను అని ఒక్క మాట నేను అంటే చాలు. అంటే తర్వాత ప్రశ్న నా మీదికి వస్తుంది. నేను తల దించుకున్నాను. టేబుల్ మీద గాజు కింద ఎవరివో విజిటింగ్ కార్డులు ఉన్నాయి. వాటిని చూస్తూ నిలబడ్డాను.

"రాదు సార్" అంది ఆయమ్మ.

పదకొండో తరగతికి రాత్రికి రాత్రి ఇంకో పేపరు తయారైంది. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు వచ్చి గట్టిగా మాట్లాడి వెళ్లారు. ఆమెను తీసేయాలని ఒకరన్నారు. ప్రిన్సిపాల్ గారు తీసేయలేదు. సర్క్యులర్ పుస్తకం, తాళాలు తీసుకుని ఆమెను సైనిక్‌పురి రూటు బస్సులో వేశారు. పిల్లల్ని ఎక్కించడం, దించడం. తెల్లవారకముందే బయల్దేరాలి, సాయంత్రం చివరి పిల్లాడు దిగేదాకా తిరగాలి. స్టాఫ్‌రూమ్‌లో పాత వేళాకోళం మళ్లీ మొదలైంది. ఈసారి నేను నవ్వలేదు. దాన్నే పెద్ద మంచితనం అనుకున్నాను.

ఆ రోజు ఇంటికెళ్లి రెండు కవర్లనూ గ్యాస్ పొయ్యి మీద కాల్చేశాను. పక్క గదిలోంచి మా అత్తగారు ఏంటమ్మా ఆ వాసన అని అడిగారు. పాలు పొంగాయండీ అన్నాను.

మార్చిలో నాకు ఉద్యోగం ఖాయమైంది. అందరికీ స్వీట్లు పంచాను. బస్సు దగ్గరికి కూడా వెళ్లాను, ఆమెకు వేరే డబ్బా కొన్నాను, పెద్దది. ఆమె రెండు చేతులతో అందుకుని, సల్లగుండుండ్రి మేడం అంది. ఆ ముఖంలో ఎక్కడైనా దెప్పడం కనిపిస్తుందేమోనని వెతికాను. లేదు. దాంతో నేనొక కథ అల్లుకున్నాను. ఆమెకు అంతా తెలుసు, కవరు మీద ఏముందో చదివింది, నా రాత అని గుర్తుపట్టింది, చిన్న వయసు పిల్ల ఉద్యోగం పోతుందని జాలిపడి నేరం తన మీద వేసుకుంది. ఆ చూపుకు అర్థం అదే అనుకున్నాను. పన్నెండేళ్లు ఆ కథతోనే బతికాను. అపరాధం ఉండేది, కానీ క్షమ దొరికేసిన అపరాధం. అలాంటిదాన్ని మోయడం పెద్ద కష్టం కాదు. ఒక్కోసారి కళ్లు తడి చేసుకోవడానికి కూడా పనికొస్తుంది.

అయినా ఆమెకు ఎదురుపడటం ఇష్టముండేది కాదు. బస్సులు ఆగే ముందు గేటు మానేసి వెనక గేటు నుంచి రావడం అలవాటు చేసుకున్నాను. రెండుసార్లు చెప్పేద్దామని వెళ్లాను. ఒకసారి ఆమె తన మోకాళ్ల గురించి, బస్సు మెట్లు ఎత్తుగా ఉండటం గురించి చెప్పింది. వింటూ నిలబడి వచ్చేశాను. ఇంకోసారి వాన పడుతోంది, బడి ముందున్న స్టాపులో ఇద్దరం సిటీ బస్సు కోసం ఆగాం. బడి వేళలు అయిపోయాయి, పక్కన ఎవరూ లేరు. అంతకంటే మంచి సమయం దొరకదు. ఆయమ్మా అని మొదలుపెట్టాను కూడా. అప్పుడే బస్సు వచ్చింది. దాని నుదుటి మీద నంబరు ఇంతేసి అంకెల్లో వెలుగుతోంది. ఏ నంబర్ మేడం ఇది, అని నన్ను అడిగింది. చెప్పాను. ఎక్కి వెళ్లిపోయింది. పెద్దతనం, కళ్లు ఆనడం లేదనుకున్నాను.

మూడేళ్ల కిందట మోకాళ్లు పూర్తిగా పాడై పని మానేసింది. వీడ్కోలు సభ లాంటివి టీచర్లకే చేస్తారు. ఆమె మానేసిందని నాకు రెండు నెలలకు తెలిసింది.

ఆ ఆదివారం ఫోటో చూశాక, మంగళవారం బడి నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. రెజిమెంటల్ బజార్‌లో ఒక పాత్రల దుకాణం అతన్ని అడిగితే సందు చూపించాడు. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో దండ వేసిన ఫోటో, దాని కింద పేరు. అక్కడే మొదటిసారి చదివాను. సిద్దిపేట దిక్కు నుంచి వచ్చిన ఆమె తమ్ముడు, ఇంకో నలుగురైదుగురు చుట్టాలు చాప మీద కూర్చుని ఉన్నారు. ఆమె కూతురు వెనక గదిలో దినాల వంటకని చేటలో బియ్యం ఏరుతోంది. నలభై ఏళ్లుంటాయి, దర్జీ పని చేస్తుందట. నేను ఫలానా బడి లెక్కల టీచరునని చెప్పగానే చేట పక్కన పెట్టి లేవబోయింది. ముఖం విప్పారింది.

అమ్మ మిమ్మల్ని మస్తు యాది చేస్తుండె మేడం అంది. నాకు పీట వేసి, తను మళ్లీ నేల మీద కూర్చుని, నేనడగకుండానే చెప్పింది. పరీక్ష కాగితాల గొడవ జరిగిన రోజు వాళ్లమ్మ ఇంటికొచ్చి అన్నం తినలేదట. తడిగుడ్డ తీసుకుని నీళ్ల డ్రమ్ముల మీద రాసినవన్నీ తుడిచేసిందట. ఏమైందని ఇంట్లో వాళ్లడిగితే తర్వాతెప్పుడో చెప్పింది. అప్పటి నుంచి అదే మాట చాలాసార్లు చెప్పిందట.

"నేను మంచిగనే సూసిన అనుకున్న బిడ్డా, అంటుండె. సార్ అడిగితే టీచరమ్మ దిక్కు సూసిన, నాది తప్పా ఒప్పా ఆమెకే తెలుస్తది కద అని. ఆమె తల దించుకున్నది. సార్ ముంగట నన్ను తప్పు అనబుద్ధిగాక దించుకున్నది పాపం. గంత మంచిగ నేర్పిచ్చినా నా తల్కాయకు ఎక్కలే, అంటుండె."



అప్పటి సంది ఏదీ సదవకపోయేది మేడం, అంది కూతురు. అంకెలు సుత. బస్సు నంబర్, ఫోన్ నంబర్ అన్నీ మమ్మల్నే అడుగుతుండె. మనవరాలు పుస్తకం పట్టుకుని కూర్చుంటే అవతలికి పోయేదట, నేను చెప్తే తప్పు చెప్త అని.

నన్ను ఎవరూ క్షమించలేదు. క్షమించడానికి తప్పు నాదని ఆమెకు తెలియనే తెలియదు. తన కళ్లను తను నమ్మడం మానేసింది. నేను తల దించుకోవడాన్ని దయ అనుకుంది, బస్సు దగ్గర నేనిచ్చిన పెద్ద డబ్బాను కూడా అలాగే అనుకుని ఉంటుంది. పదేళ్ల పరిచయంలో నా గురించి ఆమె అనుకున్న ఒక్క చెడ్డ మాట కూడా లేదు.

చెప్పకుండా లేచి వచ్చేయవచ్చు. ఆ ఆలోచన వచ్చింది, అబద్ధం ఎందుకు. మంచి టీచరమ్మగా ఆ ఇంట్లోంచి బయటికి రావచ్చు.

"ఆ రోజు మీ అమ్మ సరిగ్గానే చదివారమ్మా" అన్నాను. "కవరు మీద తొమ్మిదే ఉంది. నేనే రాశాను. లోపల వేరే కాగితాలు పెట్టిందీ నేనే. నా తప్పు బయటపడుతుందని ఆ కవర్లు దాచేసి కాల్చేశాను. ప్రిన్సిపాల్ అడిగినప్పుడు నోరు విప్పలేదు."

ఆమె చెయ్యి బియ్యంలో అలాగే ఆగిపోయింది. అరవలేదు, ఏడవలేదు. నా ముఖం కాకుండా నా పాదాలను చూస్తోంది. అమ్మ ఉన్నప్పుడు చెప్పకపోతిరి అంది. అంతే. తప్పయిపోయింది అనబోయి, ఆ మాట ఎవరితో అనాలో తెలియక ఊరుకున్నాను.

తర్వాత ఆమె చేటను గోడవారకు జరిపి, చేతులు కడుక్కుని లేచింది.

"నాకొక్కదానికి చెప్తే ఏం లాభం మేడం. అమ్మకు రాదని అందరికీ తెలుసు. గీళ్లందరి ముంగట చెప్పుండ్రి."

ముందు గదిలోకి తీసుకెళ్లింది. చాప మీద ఉన్నవాళ్లు మాటలాపి చూశారు. మా అమ్మ బడి టీచరమ్మ, ఒక ముచ్చట చెప్తదట అని చెప్పి, గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. నేను మళ్లీ చెప్పాను. రోజూ నలభై మంది ముందు నిలబడి మాట్లాడేదాన్ని, ఆ ఆరుగురి ముందు మాట కూడదీసుకోలేకపోయాను. కవర్లు అంటే ఏంటో, రోమన్ అంకెలంటే ఏంటో చెప్పాల్సి వచ్చింది. మధ్యలో ఒకావిడ, జెర మెల్లగ చెప్పుండ్రి అంది. మెల్లగా, మొదటి నుంచి చెప్పాను. గ్యాస్ పొయ్యి దాకా, పాలు పొంగాయని అత్తగారికి చెప్పిన అబద్ధం దాకా. ఏదీ వదిలేయకూడదనిపించింది.

చెప్పడం అయింది. బయట సందులో ఎవరో స్కూటరు స్టార్ట్ కాక తంటాలు పడుతున్నారు. గోడకు జారగిలబడి కూర్చున్న తమ్ముడు, నోట్లో పళ్లు లేని ముసలాయన, ముందుకు వంగాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అంటే మా అక్కకు సదువొచ్చునా మేడం?"

"వచ్చు" అన్నాను. "నేను నేర్పినదానికంటే ఎక్కువే వచ్చు."

ఆయన పక్కనున్న వాళ్లవైపు తిరిగాడు. ఇన్నరా, అక్కకు సదువొచ్చునట, అన్నాడు. ఒకావిడ సరిగ్గా వినబడక ఏందీ అని అడిగితే, ఆమె చెవి దగ్గరికి వంగి ఇంకోసారి చెప్పాడు. వాళ్లు ఆ మాటే ఒకరికొకరు చెప్పుకుంటూ ఉన్నారు. నన్ను కూర్చోమని గానీ, వెళ్లమని గానీ ఎవరూ అనలేదు.